ఖాళీ బండికా, లోడు బండికా? పికప్ షాకులు, కమాన్లు మార్పించిన నా అనుభవం

2025 సెప్టెంబర్ 27, శనివారం. ఆ వారం మొదట్లోనే టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. దానికోసమే ఓపిక పట్టిన నేను, పికప్ ముందు టైర్లు రెండూ మార్పించడానికి అనంతపురం వెళ్లాను. టైర్ల షాపులో పనిచేసే అబ్బాయి పాత టైరు విప్పి నేల మీద నిలబెట్టి, నా చేయి పట్టుకుని దాని చుట్టూ నిమిరించాడు. అరచేతికి గుంట, మిట్ట, మళ్లీ గుంట తగిలాయి.

"అలైన్‌మెంట్ తప్పితే ఒక పక్క అంచే అరుగుతుంది సార్. ఇలా గుంటలు గుంటలుగా అరిగిందంటే చక్రం రోడ్డును పట్టుకుని నడవడం లేదు, గెంతుతోంది. ఊపు ఆపే షాకులు చూపించకుండా కొత్తవి వేసుకుంటే వాటి గతీ ఇంతే" అన్నాడు. అమ్మకం ఆగిపోయే మాటను అమ్మేవాడే చెబితే నమ్మక ఏం చేస్తాం? టైర్లకు అడ్వాన్సు ఇచ్చి, పక్కన పెట్టించి వచ్చేశాను.

బండి నాలుగు తలుపుల డీజిలు పికప్. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటింది. మాది నార్పల వైపు చీనీ (బత్తాయి) తోట. కోతల రోజుల్లో టన్ను కాయ వేసుకుని బుక్కరాయసముద్రం మీదుగా అనంతపురం మార్కెట్‌కు పోవడం, ఖాళీగా తిరిగి రావడం. మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలు, డ్రిప్ పైపులు, ఇంటిల్లిపాదితో పెళ్లిళ్ల ప్రయాణాలు. తోట నుంచి తారురోడ్డు ఎక్కేదాకా కాలువ గట్టు మీద మట్టిదారి. ఏడాదిగా ఆ దారిలో వెనక సీట్లో కూర్చున్న మా నాన్న, ప్రతి గుంతకూ ఒక చేత్తో పైన పిడి, మరో చేత్తో నడుము పట్టుకుంటున్నారు. వయసు అనుకున్నాం అందరం. ఆయన మాత్రం బండినే తిట్టేవారు.

సెప్టెంబర్ 29న కళ్యాణదుర్గం రోడ్డులో మాకు తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఆయుధపూజ ముందు రోజులు కావడంతో షెడ్డు ముందు బళ్లు వరుస కట్టి ఉన్నాయి, అన్నీ కడగడానికీ గ్రీజు కొట్టడానికీ వచ్చినవే. మధ్యాహ్నం దాటాక గానీ నా వంతు రాలేదు. మేస్త్రీ ముందుగా బంపర్ మీద బరువంతా వేసి నొక్కి వదిలేశాడు. షాకు బాగుంటే బండి ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. నాది లేచింది, దిగింది, మళ్లీ లేచింది. తర్వాత బండి కింది గుంతలో దిగి టార్చి వేసి నన్నూ రమ్మన్నాడు.

కింద చూసిన వాటిలో ఒక్కటే నేను ఊహించింది: వెనక కుడి షాకు నూనె కారి, దాని మీద మట్టి పేరుకుని నల్లటి పొరలా తయారైంది. మిగతావి ఊహించనివి. వెనక బరువు మోసే కమాన్ (పట్టీల స్ప్రింగు) చివర కంట్లో ఉండాల్సిన రబ్బరు బుష్షు ఒక పక్క పూర్తిగా తినేసి, ఇనుము ఇనుముకు తగులుతోంది. మేస్త్రీ స్క్రూడ్రైవరు దూర్చి కదిపితే నల్లటి రబ్బరు పొడి నా చొక్కా మీద రాలింది. ముందు చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్ముల బుష్షులకు పగుళ్లు. ఎడమ చక్రం కీలుగా పనిచేసే బాల్ జాయింట్‌కు తొడుగు చిరిగి, గ్రీజు స్థానంలో ఇసుక. "నీకు వినిపించే చప్పుడులో సగం ఈ బుష్షులదే అన్నా. షాకులు మాత్రం మార్చి పంపిస్తే వారానికి మళ్లీ వచ్చి నన్నే అడుగుతావు" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి సలహాలు మొదలయ్యాయి. ఎవరిని అడిగినా ఒక లెక్క ఉంది. కంపెనీ సర్వీసు సెంటర్లో 62,000 అన్నారు. బుష్షులు విడిగా వేయరు, ఆర్ము మొత్తం మారుస్తారు. బెంగళూరులో పికప్‌లకు, జీపులకు అదనపు హంగులు అమర్చే దుకాణానికి ఫోను చేస్తే, బండిని రెండంగుళాలు పైకి లేపే ఆస్ట్రేలియా కిట్టు అన్నారు. లక్షా పది వేలు, కూలి వేరు. మా ఊళ్లో బొలెరో నడిపే మామ అయితే అసలు షాకుల ఊసే ఎత్తలేదు. "రెండు కమాన్ పట్టీలు ఎక్కువ వేయించు అల్లుడూ, రెండు టన్నులు వేసినా వంగదు" అన్నాడు.

నేను ఎక్కువసేపు ఆలోచించింది ఆ మామ మాట గురించే, ఎందుకంటే మా వైపు అందరూ చేసేది అదే. కానీ బరువు మోసేది కమాన్, ఊపు ఆపేది షాకు. రెండు పట్టీలు పెంచితే బండి బరువుకు వంగదు నిజమే, ఖాళీగా ఉన్నప్పుడూ వంగదు. నా బండి మార్కెట్‌కు లోడుతో పోతుంది, ఇంటికి ఖాళీగా వస్తుంది. పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, పిల్లల కాలేజీకి తిరిగేదీ ఖాళీగానే. అంటే బతుకులో సగం కంటే ఎక్కువ ఖాళీ బండే. ఖాళీ బండి మొద్దులా గట్టిగా ఉంటే వెనక చక్రాలు గెంతి, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే తోక పక్కకు జారుతుంది. పైగా పట్టీలు పెంచినంత మాత్రాన ఆర్సీలో రాసిన బరువు పెరగదు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. బండిని ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా మార్చడం మీద 52వ సెక్షన్ ఉండనే ఉంది. అందుకే ఎత్తు పెంచే కిట్టునూ వద్దనుకున్నాను. లక్షా పది వేలు లేకపోవడం కూడా ఒక కారణమే, దాచడం దేనికి.

చివరికి మేస్త్రీతో కుదిరింది ఇది: నాలుగు షాకులూ నైట్రోజన్ గ్యాసు నింపినవి, కంపెనీ ఇచ్చిన పొడవువే. బుష్షులన్నీ కొత్తవి. కమాన్లు విప్పి చూసి, అవసరమైన పట్టీ మాత్రం మార్చడం. గ్యాసు షాకులు ఎందుకంటే, మట్టిదారిలో ఆగకుండా కొట్టుకుంటున్నప్పుడు మామూలు షాకులో నూనె వేడెక్కి నురగ కడుతుంది, నురగకు ఊపును పట్టే బలం ఉండదు. గ్యాసు ఒత్తిడి ఆ నురగను అణుస్తుంది. కొత్తలో బాగానే ఉన్న బండి పది కిలోమీటర్ల గట్టు దారి తర్వాత తేలిపోయినట్టు నడిచేది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

దసరా అక్టోబర్ రెండున అయింది. నాలుగో తేదీన బెంగళూరు డీలరుకు డబ్బు పంపాను: ముందు షాకుల జత 9,800, వెనక జత 6,400, ముందు షాకులను పైన బండికి పట్టించే మౌంటులు 2,600. పార్శిల్ అక్టోబర్ 13న వచ్చింది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులోనే పెట్టెలు విప్పించమని మేస్త్రీ ముందే చెప్పాడు, విప్పించాను. అసలు సరుకని చూపే హోలోగ్రాములు సరిగ్గానే ఉన్నాయి, కానీ ముందు షాకు నా పాతదాని కంటే రెండు వేళ్లు పొట్టి. మా మోడల్‌లోనే నేలకు తక్కువ ఎత్తులో వచ్చే రకం ఒకటి ఉందట, దానివి పంపారు. డీలరుకు ఫొటో పంపితే వాదించలేదు గానీ, "దీపావళి అయ్యాక" అన్నాడు. మీరు ఆర్డరు పెట్టేటప్పుడు మోడల్ పేరుతో ఆగకుండా ఛాసీ నంబరు పంపండి. దాన్ని అడగకుండా అమ్మేవాడిని నేనయితే ఇక నమ్మను.

ఆ ఎదురుచూపులే అసలు ఖర్చు. తోటలో కాయ రంగు తిరిగింది. మేస్త్రీ బాల్ జాయింట్ చూశాక టన్ను వేసుకుని తిరగడానికి ధైర్యం చాలలేదు. కోసిన కాయకు బాడుగ బండి పెట్టాను, ట్రిప్పుకు 1,800. ఆ డబ్బు ఏ బిల్లులోనూ కనపడదు. మార్కెట్‌లో ధర ఆ పది రోజుల్లోనే ఎక్కడ పడిపోతుందోనని నిద్ర పట్టేది కాదు. బండి ఎందుకు చూపించాను, తిరిగినన్ని రోజులు తిరిగేది కదా అని ఇంట్లో కొన్ని మాటలు కూడా పడ్డాను. అక్టోబర్ 29న సరైన షాకులు చేతికొచ్చాయి. నవంబర్ 3, సోమవారం ఉదయం బండి షెడ్డులో పెట్టాను.

మొదటి రోజంతా విప్పడంతోనే సరిపోయింది. కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టుల నట్లు తుప్పుతో బిగుసుకుపోయి, ఎంత పెద్ద పానా వేసినా పానా పట్టే అంచులు పోయాయి తప్ప కదలలేదు. గ్యాసు కట్టరుతో కోశారు. ఎలాగూ పాత యూ బోల్టులు మళ్లీ వాడకూడదు, ఒకసారి సాగినవి రెండోసారి అదే బిగువు పట్టవు. కొత్తవి నాలుగు 1,200, సెంటర్ బోల్టులు రెండు 160. కుడి కమాన్ దించి సెంటర్ బోల్టు తీయగానే పట్టీలన్నీ విడివిడిగా పడ్డాయి. మేస్త్రీ ఒక్కో పట్టీని ఎత్తి సుత్తితో మెల్లగా తట్టాడు. రెండు పట్టీలు గంటలా ఖంగుమన్నాయి. మూడోది డబ్బా చప్పుడు చేసింది. తుడిచి చూస్తే, సెంటర్ బోల్టు రంధ్రం పక్క నుంచి అంచు దాకా వెంట్రుకంత పగులు, అందులో ఎర్రటి తుప్పు గీత. బయటి నుంచి ఎంత టార్చి వేసినా కనిపించే చోటు కాదు. లోడుతో జాతీయ రహదారి మీద బెంగళూరు వైపు పోతున్నప్పుడు అది విరిగి ఉంటే అన్న ఆలోచన వచ్చి కాసేపు అక్కడే టైరు మీద కూర్చుండిపోయాను. మేస్త్రీ టీ తెప్పించాడు.

ఇక్కడ మరో బేరం వచ్చింది. కమాన్ పని చేసేవాళ్ల దగ్గర పాత పట్టీలను కొలిమిలో కాల్చి వంపు తిప్పించుకోవచ్చు, చాలా చవక. కానీ కాల్చిన ఉక్కుకు కొలత ప్రకారం మళ్లీ పదును పట్టించకపోతే అది మెత్తబడి కొన్ని లోడ్లకే కూర్చుంటుంది. కొత్త పట్టీయే వేయించాను, అదీ రెండు పక్కలా. ఎడమది బాగానే ఉంది కదా అంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. "కాడికి ముసలెద్దునూ కోడెనూ కడతావా అన్నా?" అన్నాడు. రెండు పట్టీలకు 3,600, కమాన్ షాపు కూలి 1,800. తిరిగి కూర్చేటప్పుడు పట్టీల మధ్య తుప్పు గీకి గ్రాఫైట్ గ్రీజు రాశారు. వంపు కొలవడానికి రెండు కమాన్లనూ పక్కపక్కన బోర్లించి దారం లాగి చూశారు. ఆ చూడడంలో మేస్త్రీకి ఉన్న ఓపిక నాకు నచ్చింది. ఒక దాంట్లో అర సెంటీమీటరు తేడా వస్తే మళ్లీ షాపుకు పంపాడు.

పాత బుష్షులు ఊడదీయడం, కొత్తవి దూర్చడం సుత్తితో అయ్యే పని కాదు. ప్రెస్సు ఉన్న చోటికి ఆర్ములు మోసుకుపోవాలి. ఆ కూలి 600. కమాన్ బుష్షుల సెట్టు 2,200, కింది ఆర్ముల బుష్షులు, బాల్ జాయింట్లు కలిపి 4,300.

రెండో రోజు అసలు బిగింపు. ముందు షాకు చుట్టూ కాయిల్ స్ప్రింగు ఉంటుంది. దాన్ని కంప్రెసర్‌తో అణిచి పట్టుకుని గానీ పై నట్టు తీయకూడదు. మేస్త్రీ ఆ పని చేసేటప్పుడు కుర్రవాళ్లను ఎదురుగా నిలబడనివ్వలేదు, నన్నయితే షెడ్డు బయటికే పంపాడు. తాడుతోనో ఇనుప తీగతోనో స్ప్రింగును కట్టి ఈ పని కానిచ్చే చోటికి బండి ఇవ్వకండి. వెనక షాకులు మాత్రం చూడముచ్చటగా బిగిశాయి. గ్యాసు షాకు కుదించి, ప్లాస్టిక్ పట్టీ కట్టి వస్తుంది. పై బోల్టు ఎక్కించి పట్టీ కోస్తే, తళతళలాడే రాడ్డు ఎవరూ లాగకుండానే నెమ్మదిగా చాచుకుంటూ కింది బ్రాకెట్ దాకా వచ్చింది.

బుష్షుల బోల్టుల విషయంలో ఒకటి గమనించాను. బండి జాకీల మీద ఉండగా వాటిని చేతి బిగువుతో వదిలేశాడు. నాలుగు చక్రాలూ నేల మీద ఆనాక, బండి తన బరువుతో తాను కూర్చున్నాక కింద దూరి చివరి బిగింపు బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది, కింద దించగానే మెలి తిరుగుతుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. కొత్త బుష్షులు వేయించినా ఏడాది తిరగకుండా పోయాయి అనేవాళ్లు తమ బండికి ఈ పని ఎలా చేశారో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

అంతా అయిపోయిందనుకున్నాక, మేస్త్రీ వెనక ఇరుసు దగ్గర ఉన్న సన్నటి కడ్డీని చూపించాడు. ఏళ్లుగా ఈ బండి నడుపుతున్నా అలాంటిది ఒకటుందని నాకు తెలియదు. అది లోడ్ సెన్సింగ్ వాల్వుకు పోతుంది. బండి వెనక భాగం ఇరుసుకు ఎంత దగ్గరగా ఉందో చూసి, లోడు ఎంత ఉందో వాల్వు లెక్క కడుతుంది, దాన్ని బట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి పంపుతుంది. కొత్త పట్టీతో వెనక ఎత్తు అంగుళం పైగా పెరిగింది. ఇక టన్ను వేసినా వాల్వుకు సగం లోడులాగే కనిపిస్తుంది, వెనక బ్రేకు తగ్గిస్తుంది. కడ్డీ పొడవును ఆ తేడాకు తగ్గట్టు సరిచేసి, ఖాళీ రోడ్డులో రెండుసార్లు గట్టిగా బ్రేకు వేసి చూశాకే తాళం చేతికిచ్చాడు. మామ చెప్పినట్టు పట్టీలు పెంచుకున్న బళ్లలో ఎన్నింటికి ఈ కడ్డీ సరిచేసి ఉంటారో?

మేస్త్రీ కూలి 5,500 తీసుకున్నాడు. అడిగి ఉంటే తగ్గించేవాడేమో, నాకు నోరు రాలేదు. అక్కడి నుంచి టైర్ల షాపుకు. పక్కన పెట్టించిన టైర్లు ఎక్కించి, అలైన్‌మెంట్ చేయించాను, 700. పార్శిల్ చార్జీలు 420 కలిపితే టైర్లు, బాడుగ కాక మొత్తం 39,280 అయింది. సర్వీసు సెంటర్ చెప్పిన 62,000లో కమాన్ పని లేదు.

నవంబర్ 4 సాయంత్రం ఖాళీ బండితో ఇంటికి బయల్దేరాను. నిజం చెప్పాలంటే మొదట నిరాశే. మెత్తగా ఉంటుందనుకుంటే కొత్త షాకులు చిన్న చిన్న గతుకులను పాతవాటి కంటే ఎక్కువే చేతికి అందించాయి. స్పీడు బ్రేకరు దాటాక తేడా తెలిసింది. మునుపు దాటిన తర్వాత కూడా ఊగే బండి, ఇప్పుడు ఒక్క ఊపుతో ఆగింది. గట్టు దారి ఎక్కాక రేడియో వినిపించింది. అది రోజూ మోగుతూనే ఉండేది, బుష్షుల లటపటలో మాకు వినపడేది కాదు.

మరునాడు తెల్లవారుజామున టన్ను కాయ వేశాం. మునుపు లోడు వేస్తే తోక దిగి ముక్కు లేచేది, ఎదురు బళ్లవాళ్లు లైట్లు కొట్టి తిట్టేవారు. ఇప్పుడు వెనక మహా అయితే నాలుగు వేళ్లు దిగింది, అంతే. కానీ ఖాళీగా ఉన్నప్పుడు తోక ఎత్తు పెరిగినందువల్ల లైటు వెలుగు బాగా దగ్గర్లోనే నేల మీద పడుతోంది. డ్యాష్‌బోర్డు మీద లైటు ఎత్తు సవరించే చక్రం ఒకటుంది, ఖాళీకి ఒక అంకె, లోడుకు ఒక అంకె పెట్టుకుంటున్నాను. వంపుల్లో బండి ఒరగడం తగ్గింది. డీజిలు మైలేజీలో నాకు తేడా ఏమీ కనిపించలేదు, వస్తుందని కొందరు చెప్పారు గానీ.

నాన్న నాలుగు రోజుల తర్వాత ఎక్కారు, ధర్మవరంలో పెళ్లికి. పోయేటప్పుడు ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు నిద్రపోయారు. దిగాక మా ఆవిడతో, "సీటు మార్పించాడా?" అని అడిగారట.

500 కిలోమీటర్లకు యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. కొత్త పట్టీలు కూర్చుంటాయి, బోల్టులు వదులవుతాయి. నవంబర్ 17న తీసుకుపోతే టార్క్ రెంచికి ప్రతి నట్టూ పావు చుట్టు తిరిగింది, ఎడమ వెనకది అరచుట్టు. ఆ పనికి డబ్బు తీసుకోలేదు. వెనక ఎత్తు కూడా కొద్దిగా దిగింది, కడ్డీని మళ్లీ ఒక మర సర్దాడు. కమాన్ చివరను ఛాసీకి కలిపే షాకిల్ దగ్గర ఉదయం చల్లటి వేళ ఒక కీచు శబ్దం వస్తోంది, కొత్త రబ్బరుదట, తగ్గకపోతే సంక్రాంతి ముందు చూపించమన్నాడు. మామ తన బొలెరోను నా బండి పక్కన నిలిపి, ఇరుసు కింద దూరి ఆ కడ్డీ తన బండికీ ఉందా అని వెతుకుతున్నాడు.